రక్తం ఎవరి బాధ్యత?

"రక్తం ఎక్కించాలి, మీవాళ్ళెవర్నైనా తీసుకురామ్మా."

పిల్లల వార్డుల్లో నేను లెక్కలేనన్నిసార్లు విన్న మాట ఇది. వినేది దాదాపు ఎప్పుడూ తల్లే. భర్త పనిమీద ఎక్కడో ఉంటాడు. అన్నదమ్ములు ఊళ్ళో ఉంటారు. చంకలో పెదాలు తెల్లగా పాలిపోయిన బిడ్డ. "నాదే తీసుకోండయ్యా" అని చెయ్యి చాపుతుంది. వేలు గుచ్చి చూసి "నీకే రక్తం లేదు, నువ్వేం ఇస్తావు?" అంటారు.

రక్తం ఇచ్చేవారికి హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములుండాలి, బరువు 45 కిలోలుండాలి. పాలిచ్చే తల్లి ఇవ్వకూడదు. ఈ నియమాలతో నాకు పేచీ లేదు, అవి ఆమె ఆరోగ్యం కోసమే. నా పేచీ ఆ వెక్కిరింపుతోనూ, దాని వెనకున్న మౌనంతోనూ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఐదేళ్ళలోపు పిల్లల్లో 63.2, 70 శాతం. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిని, ఆ ఒంటితోనే కడుపు మోసిన తల్లికి, ఆమె బిడ్డకు ఉన్న జబ్బు ఒకటే. ఇద్దరికీ లేని రక్తాన్ని ఆమెనే వెతుక్కురమ్మంటున్నాం!

పిల్లల్లో హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తగ్గితే తీవ్ర రక్తహీనత అంటారు. కారణం ఇనుము లోపం కావచ్చు, మలేరియా కావచ్చు, నులిపురుగులు, సికిల్‌సెల్, తలసీమియా కావచ్చు. అందరికీ వెంటనే రక్తం ఎక్కించాలా? మన సంఘాల్లో చాలామంది అవుననే అనుకుంటారు. ఉగాండా, మలావీ ఆస్పత్రుల్లో 3 వేలకు పైగా పిల్లలపై చేసిన పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి. హిమోగ్లోబిన్ 4-6 గ్రాముల మధ్య ఉండి, ఆయాసం, స్పృహ తప్పడం లాంటి ప్రమాద లక్షణాలు లేని పిల్లలకు వెంటనే ఎక్కించినా, కనిపెట్టి ఉండి అవసరమైనప్పుడు ఎక్కించినా, 28 రోజుల్లో మరణాల్లో తేడా కనిపించలేదు. నాలుగుకు దిగినా, ప్రమాద లక్షణాలు కనిపించినా మాత్రం ఆగడానికి వీల్లేదు.

దీన్ని పట్టుకుని "చూశారా, రక్తం అక్కర్లేదు" అనేవాళ్ళు బయల్దేరతారు. వాళ్ళకు జవాబు ఆ పరిశోధనలోనే ఉంది. ఆగి చూసిన పిల్లల్లో దాదాపు సగం మందికి తర్వాత ఎక్కించాల్సి వచ్చింది. వాళ్ళు ఆగింది ఆస్పత్రి మంచం మీద, మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేస్తుంటే, అవసరమైన క్షణాన రక్తం అందే చోట. ఏజెన్సీ నుంచి జీపెక్కి వచ్చిన తల్లికి "రేపు రా" అని చెప్పడం ఆ కోవలోకి రాదు. అది పొమ్మనడమే.

సుప్రీంకోర్టు 1996 తీర్పుతో, 1998 నుంచి డబ్బులకు రక్తం అమ్మడం ఆగాలి. మంచి తీర్పు. కానీ అమ్మకం ఆపిన ప్రభుత్వం స్వచ్ఛంద దాతలను సమకూర్చే బరువును కుటుంబాల మీదికి తోసింది. ఎవరూ లేనివాళ్ళు గేటు దగ్గర ఎవరినో బతిమాలుకుంటారు, లేదా అప్పు చేస్తారు. రక్తం దొరికితే కష్టాలు తీరినట్టేనా అంటే అదీ లేదు. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది తలసీమియా పిల్లలకు హెచ్‌ఐవి ఉన్నట్టు బయటపడింది. 2025లో జార్ఖండ్‌లోని చాయ్‌బాసాలో మళ్ళీ అలాంటి వార్తే విన్నాం. ప్రతి రెండు నాలుగు వారాలకూ రక్తం ఎక్కించుకోవలసిన పిల్లలకు, ఎక్కించుకోకపోవడం అనే దారి లేదు గదా!

ఇంకొకటి. రక్తం ఎక్కిస్తే ఆ గండం గడుస్తుందే గాని జబ్బు పోదు. ఇనుము లోపమైతే నెలల తరబడి ఐరన్ మందు వాడాలి. సికిల్‌సెల్, తలసీమియా ఉన్నాయేమో పరీక్ష చేయాలి. డిశ్చార్జి కాగితంలో ఈ రెండూ లేకుండా ఇంటికి పంపితే ఆ బిడ్డ మళ్ళీ అదే మంచం మీదికి వస్తుంది.

మీ దగ్గరి ఏరియా ఆస్పత్రికి ఒకసారి వెళ్ళండి. రక్తనిల్వ కేంద్రం ఉందా, ఫ్రిజ్ పనిచేస్తోందా, రాత్రిపూట రక్తం కలిపి చూసే టెక్నీషియన్ ఉంటున్నారా, దాతను తీసుకురాలేని తల్లికి ఏం చెబుతున్నారు అని అడగండి. జవాబులు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం. జవాబు చెప్పడానికి నిరాకరిస్తే ఆ సంగతే రాయండి.