మోకాలు వంచినవాడే మొనగాడైనాడు

ఒక్కసారి ఓడిన కుర్రవాడిని పనికిరానివాడని తీర్మానించడం సబబు కాదని బ్రిటన్ హెవీవెయిట్ బాక్సరు డేనియల్ డుబ్వా అనుభవం చాటుతున్నది.

2020 నవంబరులో లండన్‌లో జో జాయిస్‌తో తలపడేనాటికి అతనికి 23 ఏండ్లు. అంతకుముందు ఆడిన 15 పోటీలూ గెలిచాడు. ఆనాడు ఎడమ కన్ను వాచి మూసుకుపోగా, పదో రౌండులో మోకాలు నేలకానించి, రిఫరీ పది లెక్కించేదాకా లేవలేదు. పిరికివాడని పలువురు ఆక్షేపించారు. తీరా పరీక్షిస్తే కంటిగూటి ఎముక విరిగినట్లు తేలింది. ఇంకా దెబ్బలు తిన్నట్లయితే చూపుకే ముప్పు వాటిల్లేది.

గాయం మానేవరకు ఆగి, శిక్షకుని మార్చుకొని, 2021 జూన్‌లో తిరిగి బరిలో దిగాడు. రెండో రౌండులోనే గెలిచాడు. ఆపై మెట్టుమెట్టుగా పైకి వచ్చాడు. 2023 ఆగస్టులో ఉక్రెయిన్ యోధుడు ఉసిక్ చేతిలో మళ్ళీ ఓడినా కుంగిపోలేదు. 2024 సెప్టెంబరులో వెంబ్లీ స్టేడియంలో పేరుమోసిన ఆంథొనీ జాషువాను అయిదో రౌండులో నాకౌట్ చేశాడు. 2025 జూలైలో ఉసిక్ అతనిని తిరిగి ఓడించాడు.

ఆనాడు కన్ను దక్కించుకొన్నందువల్లనే తర్వాతి గెలుపులు సాధ్యమైనాయన్నది గమనార్హం. దెబ్బతిన్నవాడిని వెక్కిరించి మళ్ళీ బరిలోకి నెట్టడం కంటే, గాయం మాననిచ్చి వెన్నుతట్టడమే పెద్దలు, శిక్షకులు చేయవలసిన పని.