బాటసారికి ఆసనము

స్పెయిన్ దేశమందలి బార్సెలోనాలో, 1900–1914 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన గ్వెల్ ఉద్యానమున, సర్పమువలె మెలికలు తిరిగిన పొడవైన ఆసనము కలదు. గౌడీ, జుజోల్ అను శిల్పుల సృష్టి యది. లోవంపున కూర్చున్నవారు ఒకరి మొగము నొకరు చూచుచు ముచ్చటింతురు. ఉబ్బిన చోట కూర్చున్నవానికి ఏకాంతము లభించును. మన రచ్చబండకు ఈ రెండవ సౌకర్యము లేదు!

లండనులోని క్యామ్డెన్ పురపాలకులు 2012లో వేరొక త్రోవ త్రొక్కిరి. వారు వేయించిన కాంక్రీటు దిమ్మ పైభాగము ఏటవాలు. ఇల్లు లేని దీనుడు దానిపై మేను వాల్చజాలడు. వానికి నీడ చూపుట పురపాలకుల విధి గాని, బల్లను వాలుగా చేసి వానిని తరుముట విధి కాదు. అట్టి దిమ్మపై అలసిన వృద్ధుడును సుఖముగా కూర్చుండలేడు గదా. మంచి ఆసనమునకు ధనము చాలదందురా? గౌడీ పనివారు అతికించినవి పగిలిన పింగాణి పెంకులు.