చర్చి గుమ్మంలో నీటి పంచాయితీ

స్పెయిన్ దేశపు తూర్పు తీరాన వాలెన్సియా అనే నగరం ఉంది. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి గుమ్మం ముందు ఎనిమిది మంది రైతులు నల్ల చొక్కాలు తొడుక్కుని కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కాలువ నీటి తగవులు తీర్చే న్యాయాధిపతులు వారే. చదువు నిమిత్తం ఆ దేశం వెళ్లిన నాకు అక్కడి మేడల కంటె ఈ పంచాయితీయే గొప్పదనిపించింది.

తురియా నది నుంచి ఎనిమిది పెద్ద కాలువలు చుట్టుపట్ల పొలాలకు నీరిస్తాయి. అరబ్బుల ఏలుబడిలో ఏర్పడిన ఈ పద్ధతిని, 1238లో నగరాన్ని జయించిన జేమ్స్ రాజు కూడా చెరపకుండా కొనసాగించాడు. ఒక్కొక్క కాలువ రైతులు తమలో ఒకరిని ఎన్నుకుంటారు. ఆయన స్వయంగా సేద్యం చేసేవాడై ఉండాలి. నీటి హక్కు భూమితోనే ఉంటుంది; విడిగా అమ్ముకోవడానికి వీల్లేదు. కరువు వస్తే అందరి వాటా తగ్గుతుంది.

ఇత్తడి కొక్కెం పట్టుకున్న బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరూ పిలుస్తాడు. వంతు తప్పి నీరు పెట్టుకున్నవాడు, పక్క చేను ముంచినవాడు, కాలువ పూడిక తీయనివాడు వచ్చి నిలబడాలి. ప్లీడర్లు లేరు, కాగితాలు లేవు. అంతా నోటి మాట మీద, సొంత భాషలోనే. ముద్దాయి ఏ కాలువ వాడో ఆ కాలువ పెద్ద తీర్పులో కలుగజేసుకోడు. తీర్పుకు అప్పీలు లేదు. చాలా గురువారాలు తగవే ఉండదు. కొద్ది నిమిషాల్లో లేచిపోతారు. 2009లో యునెస్కో ఈ పంచాయితీని మానవజాతి వారసత్వంగా గుర్తించింది.

అక్కడి వారు మనకు మరీ పరాయివారు కారు. అల్బుఫెరా సరస్సు చుట్టూ వరి పండిస్తారు. ఆదివారం ఇంటిల్లిపాదీ చేరి, వెడల్పాటి పెనంలో కోడి, కుందేలు మాంసం, చిక్కుళ్లు వేసి బియ్యం వండుకుని తింటారు. మధ్యాహ్నం దుకాణాలు మూసుకుంటారు. ఎండాకాలం సాయంత్రాలు పల్లెల్లో ముసలివారు వాకిట కుర్చీలు వేసుకుని కబుర్లాడతారు. అంతా బాగుందనీ కాదు. నగరం పెరిగి ఎన్నో పొలాలను మింగింది. కుర్రకారు సేద్యం వదులుతున్నారు. అయినా నీటి కట్టుబాటు మాత్రం చెడలేదు.

మనకూ 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు. కాని చట్టం ఉన్నంత మాత్రాన శివారు పొలానికి నీరు చేరదు. ఎగువ రైతు రాత్రిపూట తూము ఎత్తుకుంటే దిగువ రైతు ఎవరితో చెప్పుకోవాలి? ఆఫీసుల చుట్టూ తిరిగేలోగా నారు ఎండిపోతుంది. వారానికొక రోజు, ఒక చోటు, నలుగురి ఎదుట విచారణ, తన కాలువ తగవులో తాను తప్పుకునే పెద్దమనిషి: ఇంతే కావలసింది. దీనికి నిధులు అక్కరలేదు. ఈ సార్వా నుంచే ఏదో ఒక కాలువ మీద మన రైతులు మొదలుపెట్టి చూడాలి.