బోర్డు మనమే చేసుకుందాం



ఆఖరి సంవత్సరం వచ్చిందంటే మన హాస్టల్లో వినిపించేది ఒకటే ప్రశ్న: "ప్రాజెక్టు ఎక్కడ కొంటున్నావు?" ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. హైదరాబాద్ అమీర్‌పేట వెళ్తే రిపోర్టుతో సహా రెడీగా దొరుకుతుంది. ఇంటి దగ్గర అప్పు చేసి పంపిన డబ్బు అక్కడ పెడతాం. తీరా వైవాలో "ఈ రెసిస్టర్ ఇక్కడెందుకు?" అంటే తల దించుకుంటాం. డిగ్రీలో మేమూ అలా నిలబడ్డవాళ్ళమే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పీజీకి వచ్చాక మేం ముగ్గురం కలిసి ట్యాంకు నిండితే మోగే అలారం చేద్దామనుకున్నాం. సర్క్యూట్ బోర్డు చేయడానికి ఫ్యాక్టరీ అక్కర్లేదని అప్పుడే తెలిసింది. రాగి పూత ఉన్న బోర్డు ముక్క, నున్నటి గ్లాసీ కాగితం, ఇస్త్రీ పెట్టె, ఫెర్రిక్ క్లోరైడ్ చాలు. బోర్డు, ఫెర్రిక్ క్లోరైడ్ కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. లేజర్ ప్రింటర్‌లో, జిరాక్స్ మిషన్లో ఉండే టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్ కలిసిన పొడి. వేడికి కరిగి అంటుకుంటుంది. ప్రింటు తీసిన కాగితాన్ని శుభ్రంగా రుద్దిన రాగి మీద బోర్లించి, గట్టిగా అదిమి ఇస్త్రీ చేయాలి. నీళ్ళలో నానబెట్టి కాగితం వలిస్తే నల్లటి గీతలు మిగులుతాయి. ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే ఆ గీతల కింద రాగి నిలుస్తుంది, మిగతాది కరిగిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటుతో మాత్రం ఇది కుదరదు.

మొదటి బోర్డు పాడైంది. పత్రికలో రాగి వైపు నుంచి చూసినట్టు వేసిన బొమ్మను తిప్పకుండా అలాగే జిరాక్స్ తీశాం. బోర్లించేసరికి అంతా తారుమారు! 555 ఐసీలో 1వ కాలు చోటికి 8వ కాలు వచ్చింది. కరెంటు ఇవ్వగానే ఐసీ కాలిపోయింది. రెండోసారి కాగితం తొందరపడి లాగాం, గీతలు తెగాయి. మూడోది మోగింది. ఆ రాత్రి మెస్‌లో అన్నం చల్లారిపోయినా మాకు బాధ అనిపించలేదు.

మా అభిప్రాయం ఒక్కటే. మనలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. తప్పు చేయాలంటే భయం, ఎందుకంటే మన తప్పుకు ఇంటివాళ్ళ కూలి డబ్బులు పోతాయి. ఆ భయమే మనల్ని కొనుక్కునేలా చేస్తోంది. ఈ పద్ధతిలో తప్పు చేస్తే పోయేది ఒక చిన్న ముక్క, ఒక సాయంత్రం. మా ఇంటర్నల్స్‌లో "ఈ గీత లావుగా ఎందుకుంది?" అని సార్ అడిగితే, "సరఫరా కరెంటంతా దాని మీదుగానే పోతుంది సార్" అని ముగ్గురం ఒకేసారి చెప్పాం.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే ఇంతకంటే అందమైన బోర్డు వస్తుంది కదా అంటారు. నిజమే. సన్నని గీతలకు, రెండు వైపుల బోర్డులకు అదే మేలు. కానీ డిజైన్లో తప్పుంటే మళ్ళీ ఆర్డరు, మళ్ళీ ఎదురుచూపు. మొదట చేతితో నేర్చుకుని, తర్వాత ఆర్డరిస్తే ఏం ఆర్డరిస్తున్నామో తెలుస్తుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ప్లాస్టిక్ టబ్బే వాడాలి. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది కాబట్టి బాత్‌రూమ్ తూములో పోయకూడదు. డబ్బాలో నిల్వ చేసి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ వారిని అడిగి అప్పగించాలి.

వార్డెన్ గారికి మా విన్నపం: గాలి వచ్చే ఒక గది, ఒక బల్ల ఇప్పించండి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ, అక్కలూ! ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక చిన్న డ్రిల్లు కొనివ్వండి. ఇస్త్రీ పెట్టె మేం తెస్తాం. తమ్ముళ్ళకు నేర్పే బాధ్యత కూడా మాదే.

వచ్చే ఏడాది ఆఖరి సంవత్సరం వాళ్ళను "ఎక్కడ కొన్నారు?" అని కాదు, "ఎన్నోసారికి పనిచేసింది?" అని అడుగుదాం.