ఇందిరకు నేను చేసిన అన్యాయం

చదివిన పుస్తకం పేరు, ముగించిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. డిసెంబరు చివరి వారంలో దాన్ని ముందేసుకుని కూర్చుంటాను. ఈసారి లెక్క తీస్తే ఇరవై ఆరు తేలాయి. వాటిలో పదకొండు ఇదివరకు చదివినవే. కొత్తవి కొనలేదని కాదు. ఫిబ్రవరిలో ‘కాలాతీత వ్యక్తులు’ మళ్లీ తెరిచాను. ఆ తర్వాత ఏడాదంతా పాత పుస్తకాల వెంటే తిరిగాను.

డాక్టర్ పి. శ్రీదేవి ఈ నవలను 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా రాశారు. నేను మొదటిసారి చదివింది డిగ్రీ రోజుల్లో, హాస్టల్ గదిలో. అట్ట ఊడిపోయిన ప్రతి ఒకటి చేతులు మారుతూ మా దాకా వచ్చింది. చదివిన మగపిల్లలందరం నవలలోని కల్యాణి పక్షమే. ఆమె స్నేహితురాలు ఇందిర పేరెత్తితే మండిపడేవాళ్లం. మేడ మీద గదిలో ఉండే మెడిసిన్ విద్యార్థి ప్రకాశాన్ని తన వైపు తిప్పుకుందని, స్నేహితురాలి మనసు చూడలేదని, చివరకు కృష్ణమూర్తి అనే ఇంకొకర్ని పెళ్లాడిందని ఇందిర మీద మా నేరారోపణలు.

ఈసారి నా కళ్లు ఆమె ఇంటి మీద నిలిచిపోయాయి. తండ్రికి చూపు తగ్గుతోంది. ఇల్లు గడిచేది ఇందిర జీతం మీద. ఆమె సంపాదిస్తే తినేవాళ్లున్నారు గానీ, ఆమెకేం కావాలని అడిగేవాళ్లు లేరు. ఇక ప్రకాశం మేనమామ మాట దాటలేని మెతకమనిషి. అలాంటివాణ్ణి నమ్ముకుని కూర్చోకుండా తన బతుకు తాను చూసుకుంది ఇందిర. ఇరవై ఏళ్ల వయసులో నేనిచ్చిన తీర్పులో ఆ జీతం ప్రసక్తే లేదు. ఇరవయ్యో తేదీ దాటాక ఇల్లెలా నడుస్తుందో అప్పటికి నాకేం తెలుసు!

చదువుతుంటే మా మేనత్త గుర్తొచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి ఇద్దరు తమ్ముళ్లను చదివించింది. ముప్పై ఆరేళ్లకు, తనతో పనిచేసే ఒకాయన్ను పెళ్లి చేసుకుంది. ‘ఈ వయసులో దీనికిదేం పోయేకాలం’ అన్నారు ఇంట్లో. సగం మంది ఆ పెళ్లికి వెళ్లలేదు. వెళ్లనివాళ్లలో ఆమె చదివించిన తమ్ముడూ ఉన్నాడు. ఆయన మా నాన్న.

ఆ హాస్టల్లోనే, ఇంచుమించు ఆ రోజుల్లోనే బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ కూడా చదివాను. పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు పెట్టుకున్నాను. తల్లి మీద లోకం వేసిన నింద కథానాయకుడు దయానిధిని వెంటాడుతుంటే నాకు గొంతు పట్టేసేది. ఆ పుస్తకాన్నీ జూన్‌లో తిరిగి తెరిచాను. అందులోనూ ఒక ఇందిర ఉంది! దయానిధి భార్య. జబ్బుచేసి చనిపోతుంది. ఆమె నాకు ఒక్క పిసరు గుర్తులేదు. కోమలి గుర్తుంది, అమృతం గుర్తుంది, రాయలసీమలో దొరికిన వజ్రం గుర్తుంది. కట్టుకున్న మనిషి మాత్రం జ్ఞాపకంలోంచి తుడిచిపెట్టుకుపోయింది. నా పెన్సిల్ గీతల్లో ఒక్కటీ ఆమె దగ్గర లేదు.

బుచ్చిబాబు బొమ్మలు కూడా వేసేవాడు. ఆయన వాక్యాల్లోని వెలుగునీడలు నాకు ఇప్పటికీ అపురూపమే. నవల మీద గౌరవం వీసమెత్తు తగ్గలేదు. తగ్గింది దయానిధి మీద జాలి. అతను తన బాధను అంత శ్రద్ధగా తవ్వి చూసుకుంటుంటే, పక్కనున్న ఆడవాళ్ల బాధ ఎవరు చూశారని అడగాలనిపించింది. ఆ వయసులో దయానిధికి అన్నీ క్షమించాను, శ్రీదేవి ఇందిరకు ఒక్కటీ క్షమించలేదు. రెండు పుస్తకాలూ ఒకే ఏడాది మళ్లీ చదివితే తప్ప ఆ సంగతి నాకు తెలిసిరాలేదు.

కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ విషయంలో నా తప్పు వేరు. చదవకముందే ఎవరో హెమింగ్వే నవలలోని ముసలివాడి పేరు చెప్పారు. అంతే, పోలికలు వెతుక్కుంటూ చదివేశాను. ఇప్పుడు ఆ మాట పక్కనబెట్టి చదివాను. మందతో తిరిగిరాని ఒక చూడిపంది కోసం రాత్రివేళ అడవిలోకి వెళ్లిన ముసలివాడు. అతనికి పేరు లేదు. పందులు మేపి బతికే మనిషికి ఇంతటి కథానాయక స్థానం ఇచ్చిన నవల మనకు ఇంకేముంది? నిజామాబాద్ జిల్లాలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ గడిపిన డాక్టరు రాసిన పుస్తకమిది. ఊరు పక్కకు నెట్టేసిన మనుషుల్ని ఆయన రోజూ చూసేవాడు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ కోసం మూడు దుకాణాలు తిరిగాను. చివరకు ఒక శాఖా గ్రంథాలయంలో దొరికింది. వెనక అట్టకు అంటించిన తేదీల చీటీలో నాకంటే ముందు పడిన ముద్ర ఏడేళ్ల కిందటిది. ఈ నవలను ఒకప్పుడు ప్రచారం కింద కొట్టిపారేసి సగంలో వదిలేశాను. వెట్టి, దొర గడీ, పట్వారీ రాతలు, వాటి మధ్య కథానాయకుడు కంఠీరవం పెరిగే తీరు ఈసారి ఆగి ఆగి చదివాను. ఆళ్వారుస్వామి ఒకరింట్లో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మినవాడు. అలాంటి మనిషి రాసిన పుస్తకం ఏడేళ్లు బీరువాలోంచి కదలలేదు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ బీరువా మనదే, తెరవమని అడగాల్సిందీ మనమే.

ఆళ్వారుస్వామి, శ్రీదేవి ఇద్దరూ 1961లోనే పోయారు. ఆయనకు నలభై ఆరు నిండలేదు, ఆమెకు ముప్పై రెండు నిండలేదు. ఆమె ఇంకో నవల రాయనే లేదు.

కొత్తవాటిలో ఒక్కటి చెప్పాలి. 2025లో ఇంటర్నేషనల్ బుకర్ అందుకున్న బాను ముష్తాక్ సంపుటిలోని కథలు పన్నెండూ చదివాను. ఆమె ఊరు హాసన్ మనకు ఎంత దూరం? ఆమె దశాబ్దాలుగా కన్నడంలో రాస్తుంటే, లండన్‌లో బహుమతి ప్రకటించాక గానీ ఆ పేరు నా నోటు పుస్తకంలోకి ఎక్కలేదు.

మేనత్తకు ఇప్పుడు డెబ్బై తొమ్మిది. మొన్న ‘కాలాతీత వ్యక్తులు’ తీసుకెళ్లి ఇచ్చాను. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయంది, చదివి వినిపించమంది. ఇప్పటికి నలభై పేజీలయ్యాయి. మీ ఇంట్లో జీతం తెచ్చిపెట్టే ఆడపిల్ల ఉంటే, ఈ నవల ముందు ఆ ఇంటి మగవాళ్లు చదవండి.