మెల్లని పాట పక్షమున

గ్రామఫోను నాటి లలిత గీతములపై మాకు గల మక్కువను కొందరు యువమిత్రులు ‘ముసలివారి ముచ్చట’ అని తీసివేయుచున్నారు. పెద్దలును నవ్వి ఊరకుండుచున్నారు. సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు 1940 ప్రాంతములందు సినిమాతో పని లేకుండ రికార్డులకై పాడిన పాటలను గూర్చియే ఈ మాట. ‘తుమ్మెదా ఒకసారి’, ‘చల్లగాలిలో’, ‘కోపమేల రాధా’ — పేరు చెప్పినంతనే వంటయింటి నుండి ఎవరో ఒకరు పల్లవి నందుకొను ఇండ్లు మనలో ఇంకను ఉన్నవి. ఈ మక్కువ వట్టి గతకాలపు బెంగ అని మేము ఒప్పుకొనజాలము.

వయసే కారణమైనచో, ఆ రికార్డులు వెలువడిన నాటికి పుట్టనివారి మాట యేమి? వానిని క్రొత్తలో విన్నవారు నేడు తొంబదియేండ్లకు అటునిటుగా ఉన్నవారు మాత్రమే. మేము ఆ తరము వారము కాము. మాకవి ముందు తల్లుల నోట వచ్చినవి. తరువాత రేడియోలో, ఆపైన క్యాసెట్టులలో వచ్చినవి. ఇప్పుడు మనుమల సెల్‌ఫోనులలో వినుచున్నాము. చూడని కాలముపై బెంగ యెట్లు పుట్టును? పాటలోనే పట్టు ఉండి తీరవలెను.

ఆ పట్టు ఎట్టిదో కొంచెము విచారింతము. అంతకు ముందు మన నాటక రంగమున పద్యము పాడు నటునికి మైకు లేదు. కడపటి వరుస వానికి వినిపించుటయే అతని మొదటి ధర్మము. అందుచేత ఎత్తైన శ్రుతి, పద్యము చివర దీర్ఘమైన రాగము, ‘వన్స్‌మోర్’ కేకలు. తొలినాళ్ళ గ్రామఫోను రికార్డింగునందును కొమ్ము వంటి గొట్టములోనికి గొంతెత్తి పాడవలసినదే. 1925లో విద్యుత్తుతో, మైక్రోఫోనుతో రికార్డు చేయు పద్ధతి వచ్చిన తరువాతనే గాయకునికి గొంతు దించుకొను స్వేచ్ఛ కలిగినది. రాజేశ్వరరావుగారు ఆ స్వేచ్ఛను చక్కగా వాడుకొన్నారు. వేయిమందికి పాడుట వేరు, ఎదుట పీటపై కూర్చున్న ఒక్కరికి పాడుట వేరు. ఆయన ఆ ఒక్కరికి పాడినారు. దీనిని బలహీనత యనువారు అరుపునకును బలమునకును భేదము తెలియనివారని మా అభిప్రాయము.

నిమిషమునకు 78 చుట్లు తిరుగు పది అంగుళముల పలకపై ఒక ప్రక్కకు పట్టునది మూడు నిమిషములు, ఆపైన మరికొంచెము. పల్లవి, చరణములు, నడుమ వాద్యము అన్నియు అందులోనే ఇమడవలెను. ఒక సంగతి ఎక్కువైనచో ఒక చరణమునకు చోటు తగ్గును. అందుచేత ప్రతి మాటను తూచి పలికినారు. పైగా ఈ పాటలకు కథ లేదు, తెరపై ముఖము లేదు. ‘మల్లీశ్వరి’ (1951) పాట వినగానే భానుమతిగారు కన్నుల ముందు నిలుతురు. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవారును రాజేశ్వరరావుగారే గనుక మేము సినిమా పాటను తక్కువ చేయుట లేదు. కాని రికార్డు పాటలో యమున యన్నప్పుడు యానాము వానికి గౌతమి, బరంపురము వానికి ఋషికుల్య, హొసూరు వానికి దక్షిణ పినాకిని కనబడును.

అన్నియు ఆణిముత్యములని మేము చెప్పము. కొన్నింట రాధాకృష్ణుల అలుకలు విసుగు పుట్టించును. కొన్ని రచనలు పేలవములే. అది వేరు సంగతి.

మన వంటివారి ఇండ్లలో ముందు పోవునది లిపి. పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియావో, మరాఠీయో చదువుచున్నారు. బ్రతుకునకు అది అవసరమే. తమిళనాట 2006 నాటి చట్టముతో తెలుగు చదువు మరింత ఇరుకున పడినది. చదువలేని పిల్లవానికి తెలుగు చెవి ద్వారమున మాత్రమే అందవలెను. మెల్లని పాటలో ళకారము ళకారముగా, ణకారము ణకారముగా వినబడును. పిల్లవాడు విని అనగలడు. డప్పుల హోరులో అతడేమి అనగలడు?

ఇటీవల ఒక ఊరి సంఘము వారి ఉగాది సభలో మేము కన్నది చెప్పుదుము. డెబ్బది దాటిన ఒక అమ్మమ్మగారు మనుమరాలికి రెండు నెలలు కూర్చుండబెట్టి ఒక పాట నేర్పినారు. ఆ బాలికకు తెలుగు అక్షరములు రావు. పాట మాత్రము పొల్లుపోకుండ వచ్చును. వేదిక యెక్కగానే వాద్యబృందము నాయకుడు, “మరీ మెల్లగా ఉందమ్మా, కాస్త ఊపు కలుపుతాము” అన్నాడు. కలిపినాడు. తన గొంతు తనకే వినబడక ఆ పిల్ల పల్లవి కాగానే ఆగిపోయినది. సభవారు జాలితో చప్పట్లు కొట్టినారు. తరువాత నలుబది నిమిషములు నృత్యములు జరిగినవి. నిర్వాహకులను అడుగగా, “జనము అదే కోరుచున్నారు” అని బదులు. ఏ జనము? మా వరుసలో కూర్చున్నవారిని ఎవరును అడుగలేదే!

ఇంకొక ఆక్షేపణ ఉన్నది: ఇవి ‘ఆంధ్ర దేశపు పాతపాటలు’, ఇక్కడి మనకేల యని. చరిత్ర తెలియని మాట. మద్రాసు రేడియో కేంద్రము 1938లో ఆరంభమైనది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో అందు చేరినారు. విజయవాడ కేంద్రము 1948లో గాని రాలేదు. నాడు తెలుగు సినిమాకును మద్రాసే నెలవు. ఆంధ్ర రాష్ట్రపు సరిహద్దు గీత 1953లో పడినది; తెలుగు లలిత గీతము అప్పటికే ఈ గడ్డపై పెరిగి పెద్దదైనది. అది మనకు పొరుగూరి నుండి వచ్చిన చుట్టము కాదు.

కనుక సంఘముల కార్యవర్గముల వారికి మా కోరిక యిది: వచ్చు ఉగాదికి కార్యక్రమ పత్రము అచ్చునకు పోకమునుపే అరగంట కేటాయింపుడు. ఒక హార్మోనియము, ఒక వయొలిను, మెత్తగా వాయించు తబలా చాలును. ఆ బాలికను మరల పిలువుడు. ఆమె చరణము మేమింకను వినలేదు.