పిల్లికూనలకు రెండు నెలలు చోటివ్వలేమా?

సంత ముగిసిన మర్నాడు ఆ చోటికి వెళ్లి చూస్తే ఏదో ఒక మూల గోనెసంచిలోనో, అట్టపెట్టెలోనో పిల్లికూనలు అరుస్తూ కనిపించడం మన పల్లెల్లో మామూలైపోయింది. ఇంట్లో పిల్లి నాలుగో అయిదో పిల్లలు పెట్టింది, ఇన్నిటిని ఎవరు సాకుతారని కళ్లయినా తెరవకముందే తెచ్చి పారేస్తున్నారు. కొంచెం జాలిగలవారు చోడవరంలో బస్సెక్కి విశాఖ తీసుకెళ్లి జంతు సంరక్షణ కేంద్రంలో అప్పగించి వస్తున్నారు. పారేసినవారికంటే వీరు నయమే. కాని అక్కడికి చేర్చినంత మాత్రాన కూన బతికినట్టు కాదు.

హైదరాబాదులో బ్లూక్రాస్ 1992లో, విశాఖలో వి.ఎస్.పి.సి.ఎ. 1996లో ఏర్పడ్డాయి. దెబ్బతిన్న కుక్క అయినా, పశువు అయినా, పక్షి అయినా ఇటువంటి సంస్థలకే చేరాలి. తల్లిలేని పసికూనకు రాత్రీ పగలూ రెండు మూడు గంటలకొకసారి పాలు పట్టాలి. నెలలోపు కూన ఒంటివేడి నిలుపుకోలేదు. మొదటి మూడు వారాలు తల్లి నాకితే తప్ప మలమూత్రాలు కూడా విడవలేదు. మనిషి సాకితే గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో తుడుస్తూ ఉండాలి. అన్ని జంతువులున్న చోట పనివాడు ఎన్ని కూనలకని ఈ సేవ చేయగలడు? పైగా ఒకదాని జబ్బు మరొకదానికి అంటుకుంటే టీకా వయసు రాని కూనలే ముందు పోతాయి. అందుకే నగరాల్లో ఇటువంటి సంస్థలు ఎనిమిది వారాలు వచ్చేదాకా కూనలను ఇళ్లలో పెంచి తిరిగి అప్పగించమని జనాన్ని కోరుతుంటాయి.

పట్నంవారి ఇంట చోటు తక్కువ, కూనతోపాటు తల్లి రాదు. మనకు రెండూ ఉన్నాయి. పశువులశాలలో ఒక మూల, పాత గోనెపట్టా, తల్లికి రెండు పూటలా కాసింత అన్నం, చేప తలకాయ ఉంటే చాలు. మిగతాదంతా తల్లే చూసుకుంటుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు అంటూనే ఉంటారు. కనుక అటకమీద కూనలు ఒంటరిగా కనబడగానే తల్లి వదిలేసిందని ఎత్తుకుపోరాదు. కొన్ని గంటలు దూరం నుంచి గమనించాలి. తల్లి నిజంగా చచ్చిపోతే ఊళ్లో పాలిచ్చే మరో పిల్లి దగ్గర చేర్చి చూడవచ్చు, చాలాసార్లు రానిస్తుంది. అదీ లేకపోతేనే మనిషి పాలు పట్టాలి. ఆవుపాలు, గేదెపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. కూనలకు వేరే పాలపొడి పట్నంలో దొరుకుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచే పట్టాలి.

ఇదంతా మనకెందుకు అనేవారూ ఉన్నారు. ఎలుకల మందుకు డబ్బు పోసే ఇల్లే పిల్లికూనను పారేయడం విడ్డూరం. పొలంలో పందికొక్కులను పిల్లి ఆపుతుందని నేను చెప్పబోను. ఇంట్లో ధాన్యం బస్తాల దగ్గర మాత్రం దాని విలువ ఆడవారిని అడిగితే తెలుస్తుంది. తల్లి దగ్గర రెండు నెలలు పెరిగి, అది తెచ్చిన ఎలుకతో వేట నేర్చిన కూనను అడిగి పట్టుకుపోయేవారుంటారు. మందు తిన్న ఎలుకను తింటే పిల్లీ చస్తుంది. కనుక రెండూ ఒక ఇంట పనికిరావు.

ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలివేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు! ఈ జరిమానాకు భయపడేదెవరు? పిల్లి చూలు రెండు నెలలే. ఆడకూన అయిదారు నెలలకే చూలు కట్టగలదు. కూనలను పంచిపెట్టి తల్లికి ఆపరేషన్ చేయించకపోతే ఏడాది తిరక్కముందే మళ్లీ అదే గోనెసంచి. పశువైద్య శిబిరాలు పెట్టినప్పుడు పిల్లులకు కూడా రేబిస్ టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఏర్పాటు చేయాలని పంచాయతీలు తీర్మానించి అధికారులకు పంపాలి. తీర్మానానికి ఖర్చేమీ లేదు. ఇక సాకేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. కూన కరిచినా, రక్కినా సబ్బునీటితో పావుగంట కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. కూనే కదా అని ఊరుకోరాదు.

వచ్చే సంతనాడు సంచి విప్పుతున్న మనిషి కనబడితే తిట్టి పంపేయకండి. తల్లిపిల్లి ఏ ఇంట్లో ఉన్నదో అడిగి, ఆ పూటే కూనలను అక్కడికి తిప్పి పంపండి.